సాఫ్టువేరు పనిముట్లు – వాని యెంపిక

ఆడలేక మద్దెల యోడన్న సామెత నెఱుగనివారు మనలో లేరు. పని రానివాడు పనిముట్టును నిందించునని దాని భావము. సామెత సత్యమే. కాని మద్దెల నిజముగా నోటిదైనచో ఎంతటి నేర్పరికైనను తాళము తప్పక మానదు. ఈ రెండవ సత్యమును గూడ మఱువరాదు. సాఫ్టువేరు విద్య నభ్యసింపగోరు మన బాలబాలికలకు ఈ రెండు సత్యములును సమానముగా ముఖ్యములని తలంచి, పనిముట్ల యెంపికను గుఱించి మాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచికయందు వ్రాయుచున్నాము.

మన రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో పదవ తరగతి ముగియగానే అనేక గృహములలో నొక చర్చ బయలుదేరును. ‘మా వానికి జావా నేర్పింతుమా, పైథాను నేర్పింతుమా?’ అని తల్లిదండ్రులును, ‘ఏ ఎడిటరు మంచిది? ఎట్టి కంప్యూటరు కొనవలెను?’ అని విద్యార్థులును అడుగుచుందురు. హైదరాబాదులోని అమీరుపేటలో శిక్షణ పొంది వచ్చిన పొరుగింటి యువకుడొక మాట చెప్పును. యూట్యూబు వీడియో వేఱొక మాట చెప్పును. బంధువు మూడవ మాట చెప్పును. ప్రతివాడును తానెఱిగిన పనిముట్టునే మెచ్చుకొనును. మెచ్చుకొనుటలో దోషము లేదు. కాని తాను దానిని ఏ పనికై వాడెనో, ఎట్టి యంత్రముపై వాడెనో, దానికెంత వ్యయమాయెనో చెప్పక మెచ్చుకొనుట వినువానికి ఉపకారము కాజాలదు. మా యభిప్రాయమున ‘అన్నిటికన్న మంచిది యేది?’ అను ప్రశ్నయే సరియైనది కాదు. ‘ఈ పనికి, ఈ యంత్రముపై, ఇప్పుడున్న స్థితిలో నాకు తగినది యేది?’ అని అడుగవలెను.

ఈ విచారణ వట్టి వినోదము కొఱకు కాదు. పనిముట్లు మాఱినప్పుడు మనుష్యుల జీవితములెట్లు మాఱునో మన ప్రాంతమునకు తెలిసినట్లు మఱియొక ప్రాంతమునకు తెలియదు. 1889లో ఇల్లెందు కడ బొగ్గు తీయుట ఆరంభమైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. మన తాతలు తట్టయు, చెమ్మసును చేతబట్టి బొగ్గు నింపిరి. 1990ల తొలినాళ్లలో ఆ కంపెనీయందు లక్షకు పైగా కార్మికులుండిరి. నేడు వారి సంఖ్య నలువది వేల ప్రాంతమున నున్నది. ఈ తగ్గుదలకు యంత్రములును, ఉపరితల గనులును ప్రధాన కారణములు. తట్ట నింపుట యొక్కటియే తెలిసినవాని పని యంత్రముతో పోయినది. కాని సబ్బలుతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును విని, అది గట్టిదో పొల్లుదో చెప్పగలవాని నేర్పు మాత్రము ఏ యంత్రము వచ్చినను పనికి వచ్చుచునే యున్నది. ఒక పనిముట్టును నేర్చుట వేఱు, పనిని నేర్చుట వేఱు. మన పిల్లలు తట్టను విడిచి మీటల పలకను పట్టుకొన్నంత మాత్రమున ఈ భేదము తొలగిపోదు.

గనులలో పనిముట్ల నెట్లు ఎంచుకొందురో కూడ గమనింపదగినది. అడ్రియాల గనిలో 2014 నుండి లాంగ్‌వాల్ యంత్రముతో బొగ్గు తీయుచున్నారు. గోదావరిఖని 11వ ఇన్‌క్లైనులో కంటిన్యువస్ మైనరను యంత్రమును ప్రవేశపెట్టిరి. మఱికొన్ని గనులలో సైడ్ డిస్చార్జ్ లోడర్లతోనే పని సాగినది. ఉపరితల గనులలో షవలును, డంపరును తిరుగుచుండును. వీనిలో నేది గొప్పదని యే గని యధికారియు వాదింపడు. పొర యెంత మందము, ఎంత వాలు, పైకప్పు ఎట్టిది, నీరెంత, పెట్టుబడి యెంత అని చూచి యంత్రమును నిర్ణయించును. చదునైన పొడుగాటి పొరలో లాంగ్‌వాల్ లాభకరము. ముక్కలు ముక్కలుగా విఱిగిన పొరలో అది నిరుపయోగమైన యినుము. సాఫ్టువేరు పనిముట్లకును ఈ న్యాయమే వర్తించును.

తల్లిదండ్రుల సౌకర్యార్థము ఈ పనిముట్లు ఏవియో ముందుగా చెప్పెదము. ప్రోగ్రామును వ్రాయుటకు కావలసినది ఎడిటరు. ఇది పలకయు బలపమును వంటిది. వ్రాసినదానిని యంత్రమునకు తెలియు రూపమునకు మార్చునది కంపైలరు, లేదా ఇంటర్‌ప్రెటరు. వ్రాసినదానిలో నిన్న ఏమున్నదో, నేడేమి మాఱినదో, ఎవరు మార్చిరో లెక్క యుంచునది వెర్షన్ కంట్రోలను చిట్టా. ఇవిగాక తప్పులను వెదకు సాధనములును, ఇటీవల వచ్చిన కృత్రిమ మేధ సహాయకులును గలవు. వీని నన్నిటిని ఒక్క పెట్టెలో సర్ది యిచ్చు పెద్ద పరికరములును గలవు. చిన్న పనిముట్లు విడివిడిగా నుండుట మేలా, పెద్ద పెట్టె మేలా యనునది ఈ వృత్తిలో ఏనాటినుండియో జరుగుచున్న వాదము.

మొదట కంపైలరు సంగతి. మన కళాశాలలలో సి భాషను నేర్పుటకు చిరకాలము టర్బో సి యను పనిముట్టును వాడిరి. బోర్లాండు సంస్థ దానిని 1987లో డాస్ పద్ధతి యంత్రముల కొఱకు వెలువరించినది. నేటి యంత్రములపై అది నేరుగా పనిచేయదు. డాస్‌బాక్సు అను వేఱొక సాఫ్టువేరు లోపల దానిని బ్రతికింపవలెను. అందు పూర్ణసంఖ్య 32,767 కంటె మించజాలదు. 20,000 టన్నుల బొగ్గునకు మఱి 20,000 టన్నులు కలిపి చూడుడు: టర్బో సి ఋణ 25,536 అని చెప్పును! గనినుండి బొగ్గు తీసితిమా, గనికి బాకీ పడితిమా యని నవ్వు వచ్చును. ఆ పనిముట్టు నాటి పదునాఱు బిట్ల యంత్రమునకు సరియైనదే. నేటి విద్యార్థి చేతికి మాత్రము అది యోటి మద్దెల. అదే 1987లో జీసీసీ యను కంపైలరును పుట్టినది. అది ఉచితము, దాని మూలము అందఱకు తెఱచియున్నది. కావున వేలకొలది మంది చేతులు పడి నేటికిని పెరుగుచున్నది. ఒకే యేట పుట్టిన రెండు పనిముట్లలో నొకటి నిలిచిపోయి, రెండవది ఎదిగినది. మొదటిదానిని ఇంకను పట్టుకొని యుండుటకు మాకు తోచిన కారణము ఒక్కటే: పాత నోట్సులు దానిలో నున్నవి. అది చాలిన కారణము కాదు.

ఇక ఎడిటర్లు. వీనిని గుఱించి ప్రోగ్రామరుల నడుమ జరిగిన కలహములు మన వ్యాకరణ పండితుల వాదములకు తీసిపోవు. 1976లో బిల్ జాయ్ అను నాతడు వి యను ఎడిటరును వ్రాసెను. దానిని పెంచి హాలండు దేశస్థుడైన బ్రామ్ మోలెనార్ 1991లో విమ్ అను పేర వెలువరించెను. దీనికి మౌసు అక్కఱలేదు; మిక్కిలి తేలికయైనది; బలహీనమైన పాత యంత్రముపైనను, దూరముననున్న సర్వరుపైనను, తుదకు టెర్మక్సు సహాయమున చేతిలోని ఆండ్రాయిడు ఫోనుపైనను పనిచేయును. దీనిని వాడువారు ఉగాండా దేశపు బాలల సహాయార్థము చందా లీయవలసినదిగా దాని కర్త కోరుచుండెను. ఆయన 2023లో కాలధర్మము నొందెను, పనిముట్టు నిలిచియున్నది. దీని లోపము ఒక్కటే: మొదటి పదునైదు దినములు కొత్తవానిని ఏడిపించును. ఈమాక్సు అనునది దీనికి చిరకాల ప్రతిస్పర్ధి. కావలసినట్లు తీర్చుకొనుటకు వీలు దానియందు మెండు. అట్లు తీర్చుకొనుటలోనే కాలము గడచిపోవు ప్రమాదమును మెండు.

మన హైదరాబాదున బుట్టిన సత్య నాదెళ్ల 2014లో అధిపతియైన మైక్రోసాఫ్టు సంస్థ, 2015లో విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటరును విడుదల చేసెను. 2023లో స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ ప్రోగ్రామరుల నడిగి ప్రకటించిన లెక్కలలో సుమారు 73 శాతము మంది దీనిని వాడుచున్నట్లు తేలినది. ఉచితము, నేర్చుట సులభము, తప్పున్నచోట ఎఱ్ఱగీత గీచి చూపును, ఏ భాషకైనను పొడిగింపులు దొరకును. అయితే ఇది బరువైనది. నాలుగు జీబీల మెమరీ గల యంత్రముపై, బ్రౌజరును గూడ తెఱచినచో నత్తనడక నడచును. పొడిగింపులు పెరిగినకొలది బరువును పెరుగును. విండోసు వాడువారికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అను తేలికపాటి ఎడిటరు 2003 నుండియు నున్నది. కేవలము పైథాను నేర్చు బాలునకు ఆ భాషతోపాటు వచ్చు ఐడిల్ గాని, ఎస్టోనియా దేశమందలి టార్టు విశ్వవిద్యాలయమున కొత్తవారి కొఱకే తయారైన థానీ గాని చాలును. థానీలో ప్రోగ్రాము ఒక్కొక్క యడుగు నడచుటను, ప్రతి యడుగున ఏ పేరున ఏ విలువ యున్నదో కన్నులార చూడవచ్చును. నేర్చువానికి ఇంతకంటె పెద్ద యుపకారము లేదు.

ఉచితమైనంత మాత్రమున ఏ పనిముట్టును శాశ్వతము కాదు. గిట్‌హబ్ సంస్థ 2014లో ఆటమ్ అను అందమైన ఎడిటరును వెలువరించెను. 2018లో మైక్రోసాఫ్టు గిట్‌హబ్‌ను కొనుటకు నిశ్చయించెను. ఒకే యింట రెండు ఎడిటర్లెందుకు? 2022 డిసెంబరు 15న ఆటమ్ మూతపడినది. అయితే దాని మూలము బహిరంగమగుటచే, దానిని ప్రేమించినవారు పల్సర్ అను పేర మరల నడుపుకొనుచున్నారు. మూలము రహస్యమైయుండినచో ఈ యవకాశము కలుగదు గదా. మఱియొక కథ ఇంతకంటె బోధకరము. లినక్సును నిర్మించువారు 2002 నుండి బిట్‌కీపర్ అను చిట్టా సాధనమును ఖర్చు లేక వాడుకొనుచుండిరి. కాని అది పరుల సొత్తు. 2005లో ఆ సొంతదారు ఉచితానుమతిని ఉపసంహరించెను. అప్పుడు లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ మాసమున కొలది దినములలో గిట్ అను కొత్త సాధనమును వ్రాసెను. నేడు లోకమందలి ప్రోగ్రామరులలో అధికులు దానినే వాడుచున్నారు. అద్దెయింట నున్నవాడు అద్దె లేకపోయినను అద్దెవాడే. ఈ భేదమును విద్యార్థులు చిన్ననాడే గుర్తింపవలెను.

మన భాషకు సంబంధించిన పరీక్ష యొకటి గలదు. ఏ పనిముట్టు చేతికి వచ్చినను అందు ‘జ్ఞానము’ అను మాటను వ్రాసి చూడుడు. మన కన్నుల కది మూడక్షరములు. పైథానును ‘దీని పొడవెంత?’ అని అడిగినచో 7 అని చెప్పును. ఏలయన యూనికోడు పద్ధతిలో హల్లు, పొల్లు, ఒత్తు హల్లు, గుణింతపు గుర్తు అన్నియు వేఱువేఱుగా లెక్కకు వచ్చును. సి భాషయందు సామాన్య పద్ధతిని అడిగినచో 21 అని చెప్పును. అది యూటీఎఫ్-8 యందలి బైట్ల లెక్క, ఒక్కొక్క గుర్తునకు మూడేసి. మూడు జవాబులును సత్యములే; దేనిని లెక్కించుచున్నామో తెలిసికొనుటయే విద్య. ఇక కొన్ని పనిముట్లలో ఈ మాట చూచుటకే రాదు: విమ్‌ను నల్లని టెర్మినలు తెరపై వాడునప్పుడు ఒత్తులు తఱచుగా చెదరిపోవును. ఈమాక్సు 2020లో వచ్చిన 27వ కూర్పునుండి చక్కగా చూపుచున్నది. విజువల్ స్టూడియో కోడ్ కూడ చక్కగా చూపును. ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను ఒక్క తెలుగు అక్షరము వచ్చినంతనే ఐఫోనులలో సందేశముల యాపులు కూలిపోయెను. ఆపిల్ సంస్థ 11.2.6 అను కూర్పుతో దానిని సరిదిద్దెను. అంతటి సంస్థయే తెలుగును సరిగా పరీక్షింపక యిట్లయినచో, ఆ పరీక్ష చేయవలసినవారు తెలుగు బిడ్డలు గాక మఱెవ్వరు?

మాతో విభేదించువారి వాదమును గూడ వినవలెను. ‘ఉద్యోగము నిచ్చువారు ఏది యడిగిన అది నేర్పుడు, మిగిలిన మీమాంస యెందుకు?’ అని వారందురు. బీదకుటుంబము అప్పు చేసి కుమారుని 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న నగరమునకు పంపునప్పుడు ఈ మాటకు బలమున్నది. దానిని మేము తేలికగా చూడము. శిక్షణ కేంద్రములవారు విపణిలోని గిరాకిని చూచి పాఠము చెప్పుట సహజము. వానివలన మన ప్రాంతపు యువకులనేకులు జీవనోపాధి పొందిరి. కాని గిరాకి యెంతకాలముండును? విజువల్ బేసిక్ ఆఱవ కూర్పు 1998లో వచ్చినది; 2008లో దానికి మైక్రోసాఫ్టు తోడ్పాటు ముగిసినది. ఫ్లాష్ 2020తో అంతమైనది. పైథాను రెండవ కూర్పు సైతము 2020 జనవరి 1తో సెలవు తీసికొన్నది. పదునాఱేండ్ల బాలుడు నేర్చు పనిముట్టు అతడు నలువదియేండ్ల వాడగునప్పటికి ఉండునని యెవరు పూచీపడగలరు? కావున ఉద్యోగము కొఱకు అడిగిన పనిముట్టును తప్పక నేర్పుడు. కాని దానికి ముందు చరరాశి, నిబంధన, ఆవృత్తి, ప్రమేయము, దత్తాంశముల యమరిక మొదలైన మూలపాఠములు గట్టిపడనిండు. అవి గట్టిగా నున్నవాడు కొత్త పనిముట్టును కొలది మాసములలో వశపఱచుకొనును. అవి లేనివానికి ప్రతి కొత్త పనిముట్టును కొత్త రుసుమే.

కృత్రిమ మేధ సహాయకులను గుఱించి ఒక్క మాట. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట, ప్రోగ్రామును తామే వ్రాసి యిచ్చు సాధనములు బాలుర చేతికిని వచ్చినవి. వీనిని నిషేధింపవలెనని మేము చెప్పము. తప్పు సందేశము అర్థముకానప్పుడు తెలుగులో వివరింపుమని అడిగిన వివరించుట వీనివలని మేలు. కాని ఇవి తప్పును గూడ ధైర్యముగా, చక్కని భాషలో చెప్పును. ఆ తప్పును పట్టుకొనగలవాడు తానుగా వ్రాయ నేర్చినవాడే. లెక్క చేయుట రానివానికి క్యాలిక్యులేటరు గురువు కాజాలదు. మొదటి యేడాది తన చేతితో వ్రాసి, తాను చేసిన తప్పును తానే దిద్దుకొన్న పిమ్మట వీని సహాయము పొందుట క్షేమమని మా నిశ్చితాభిప్రాయము.

ఇన్ని చెప్పి, మీ నిర్ణయమేమి యని అడుగువారికి బదులు చెప్పక తప్పదు. హైస్కూలు విద్యార్థికి మొదట పైథాను మూడవ కూర్పు, దానితో థానీ లేక ఐడిల్. వీనికి పాత కంప్యూటరు చాలును, పైకము అక్కఱలేదు. 2021లో వచ్చిన 3.10 కూర్పునుండి పైథాను, మూయక విడిచిన కుండలీకరణము ఏ పంక్తిలో నున్నదో స్పష్టముగా చెప్పుచున్నది. కొత్తవానికి అది గొప్ప యూరట. మఱియు నందు బొగ్గు, హాజరు అని తెలుగు లిపిలోనే చరరాశులకు పేర్లు పెట్టుకొనవచ్చును. రెండవ యేట సి భాషయు జీసీసీయు. యంత్రము లోపల ఏమి జరుగునో దానివలన తెలియును. యంత్రము మోయగలిగినచో విజువల్ స్టూడియో కోడ్. మోయలేనిచో తేలికపాటి ఎడిటరు. గిట్ అందఱకును. విమ్‌లో తెఱచుట, వ్రాయుట, దాచుట, బయటకు వచ్చుట మాత్రము అందఱును నేర్చియుండుట మంచిది.

మా మాటనైనను పరీక్షింపక నమ్మవలదు. విద్యార్థులారా, రెండు పనిముట్లను ప్రక్కప్రక్కన పెట్టుకొనుడు. నాయనగారి జీతపు చీటీనుండి నెలనెల మస్టర్లను తీసికొని, సంవత్సరమునకెన్ని పడినవో లెక్కించు చిన్న ప్రోగ్రామును రెంటియందును వ్రాయుడు. పిమ్మట బుద్ధిపూర్వకముగా నొక తప్పు చేయుడు. ఏది తప్పును స్పష్టముగా చూపినది? ఏది మీ యంత్రముపై వేగముగా తెఱచుకొన్నది? ఏది ఇంటర్నెట్టు లేనప్పుడును పనిచేసినది? మీరు వ్రాసినదానిని రేపు వేఱొక పనిముట్టులో తెఱువవచ్చునా? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. వారము దినములలో మీకు మీరే తగిన తీర్పు చెప్పుకొనగలరు. తీర్పు చెప్పుకొన్న పిమ్మట ఏడాదిపాటు దానిని మార్పకుడు. దినమున కొక పనిముట్టును మార్చువాడు ఏ పనియు నేర్వడు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. ఖరీదైన కంప్యూటరు కొనుటకు ముందు బిడ్డ పాత యంత్రముపై ఆఱు మాసములు శ్రద్ధగా పని చేసెనా యని చూడుడు. కోర్సునకు రుసుము కట్టుటకు ముందు ‘దీనిలో ఏ పనిముట్టు నేర్పుదురు?’ అని మాత్రమే కాక ‘దీనిలో ఏ పని నేర్పుదురు?’ అని గూడ అడుగుడు. పాఠశాలలకును మనవి యొక్కటి. ప్రయోగశాలలో ఖర్చులేని, మూలము దాచని పనిముట్లనే యుంచినచో, బాలుడు పాఠశాలలో నేర్చిన పనిముట్టును ఇంటికి తీసికొనిపోయి యధేచ్ఛగా వాడుకొనగలడు. దొంగప్రతి చేయవలసిన దుర్గతి అతనికి పట్టదు.

బొగ్గు ఏనాటికైనను తరుగును. నేర్పు వాడినకొలది పెరుగును. గనిలో దిగువాడు దీపమును దాని సొగసు చూచి తీసికొనడు. వెలుతురిచ్చునా, ప్రమాదము తేకుండునా, షిఫ్టు ముగియువఱకు నిలుచునా యని చూచి తీసికొనును. మన బాలబాలికలును తమ పనిముట్లను అట్లే యెంచుకొని, వానికి దాసులు గాక యజమానులై వర్ధిల్లుదురు గాక యని కోరుచున్నాము.